స్విచాఫ్ సభ్యులు

ఆ ఏడు తొలకరి పడిన వారంలోనే నన్ను ఇంజను మీంచి దింపేశారు. రైల్వే ఆసుపత్రిలో కళ్ళ పరీక్ష చేసి, కుడికంటి చూపు సిగ్నల్ చూడడానికి చాలదని డాక్టరు రాశాడు. మనిషి మంచివాడే, రాసేముందు టీ తెప్పించాడు. ఆ టీ సగం తాగి వచ్చేశాను. బొగ్గు బండ్ల డ్రైవరుగా నా ఉద్యోగం ఆ సగం కప్పు దగ్గర ఆగిపోయింది.

అంటే జీతం ఆగిపోయిందని కాదు. రైల్వేలో చూపు తగ్గిన డ్రైవరుకి ఏదో ఒక ఆఫీసులో కుర్చీ చూపిస్తారు. ఇష్టమైతే సంతకం పెట్టాలి, లేకపోతే స్వచ్ఛంద విరమణ రాసిచ్చి ఇంటికి పోవాలి. ఆలోచించుకోమని వానాకాలం వెళ్ళేదాకా గడువిచ్చారు. నాకు ఆలోచించడానికేం కనబడలేదు. విరమణ తీసుకుని విజయనగరం వెళ్ళిపోదామని ఆ రోజే అనుకున్నాను. మా పెదనాన్న కొడుకు అద్దెకి ఇల్లు కూడా చూస్తానన్నాడు. నిన్నటిదాకా ఇంజను కిటికీలోంచి చెయ్యి ఊపుతూ వెళ్ళిన ఈ హిందీ ఊళ్ళో, బిలాస్‌పూర్‌లో, అదే మనుషుల మధ్య ఫైళ్ళు మోసుకుని తిరగడం నా వల్ల కాదు.

ఈ సంగతి భోజనాల దగ్గర చెప్పాను. నా భార్య రాజశ్రీ, పెళ్ళయి ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచీ కాలనీ బడిలో లెక్కలు చెబుతోంది. గరిటె గిన్నెలో పెట్టేసి, "మీ ఇష్టం" అంది. మళ్ళీ ఆ వానాకాలమంతా ఆ విషయం ఎత్తలేదు. మా అమ్మ కనకమహాలక్ష్మి మాత్రం కంచం పక్కకి నెట్టింది.

"ఇజీనారమేటిరా? నాను పుట్టింది ఈ రైలు కోటర్లో. మా నాన్న ఇక్కడే, మీ నాన్న ఇక్కడే. ఆ ఊర్లో నన్నెవులు గుర్తుపడతారు? ఎల్తే నువ్వెల్లు."

నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. ఫోను స్విచాఫ్ చేసి బీరువాలో రాజశ్రీ పట్టుచీరల కింద పెట్టేశాను. పరామర్శలంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంట.

ఫోను లేకపోయినా మనుషులు వస్తారు కదా. ఒక సాయంత్రం జోరువానలో రాఘవయ్య గారు వచ్చారు. బ్యాంకు మేనేజరుగా చేసి, రిటైరయ్యాక సొంతూరు వెళ్ళకుండా తోర్వా పేటలో ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయిన మనిషి. మా తెలుగు మిత్రమండలికి ఆయనే కార్యదర్శి. చంకలో ప్లాస్టిక్ సంచీ, సంచీలో లాప్‌టాప్. ఆయన తడిసి ముద్దయ్యారు గానీ లాప్‌టాప్ మీద ఒక్క చుక్క పడలేదు.

"వేణుగోపాల్ గారూ, మండలి సభ్యుల మెయిల్ చిరునామాల పట్టిక మీరు చూడాలండీ" అన్నారు గుమ్మంలోనే. "ఉగాదికి అందరికీ కలిపి ఒక మెయిల్ పంపించాను. సగం తిరిగొచ్చాయి. వెళ్ళినవి ఎవరికి వెళ్ళాయో నాకే తెలీదు. ఒకాయన ఖరగ్‌పూర్ నుంచి ఫోన్ చేసి, నేను బదిలీ అయిపోయి ఎనిమిదేళ్ళయింది, పులిహోర పార్సిల్ చేస్తారా అని అడిగారు. ఇక్కడున్నవాళ్ళేమో మాకు చెప్పనేలేదని అలిగారు. ఉగాది పచ్చడి బేసిన్లో పోసింది పోసినట్టే ఉండిపోయింది."

"పనిలేనివాడు ఒకడున్నాడని ఎవరైనా చెప్పారా మీకు?" అన్నాను. "జాలిపడి వచ్చారా?"

ఆయన కళ్ళజోడు తీసి, తడి చొక్కాకే తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"కొంచెం జాలి ఉందండీ. లేదంటే అబద్ధమవుతుంది. కానీ పని మాత్రం నిజం. ఎవరో ఒకరు కూర్చుని సరిచెయ్యకపోతే ఇంక మండలి అనేది పేరుకే."

లోపల్నుంచి అమ్మ అరిచింది. "ఒరే, ఆ బాబు తడిసిపోయి వొచ్చినారు. అలాగ గుమ్మంలో నిలబెట్టి తగువేటి? కూకోమను!"

కోపంగా ఉన్నవాడికి బుకాయించేవాళ్ళంటే హాయి. తిట్టేసి పంపించెయ్యవచ్చు. నిజం ఒప్పేసుకుని ఎదురుగా నిలబడ్డ మనిషిని ఏం చేస్తాం? లాప్‌టాప్ తీసుకున్నాను.

పట్టిక తెరిచి చూస్తే సంతలా ఉంది. ఒకే మనిషి రెండు చోట్ల, రెండు రకాల ఇంటిపేర్లతో. మొగుడి పేరు పక్కన పెళ్ళాం ఫోను, పెళ్ళాం పేరు పక్కన చచ్చిపోయిన మరిది మెయిల్. చాలామందికి పేరు బదులు క్వార్టర్ నంబరే రాసి ఉంది. క్వార్టర్లో ఉన్నవాళ్ళు మారినా నంబరు మారదు కదా, అందుకని ముగ్గురు వేర్వేరు మనుషుల మెయిళ్ళు ఒకే వరసలో చేరాయి.

మా అమ్మాయి ప్రత్యూష బీకాం చదువుతోంది. దానికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం మాత్రం ఎద్దు గట్టెక్కుతూ బండి లాగినట్టు ఒక్కో అక్షరమే లాగుతుంది. కంప్యూటరు దగ్గర మాత్రం నాకు గురువు. "నాన్నా, పహలే అన్నీ ఒక షీట్లో వెయ్యి. తర్వాత ఒక్కొక్కళ్ళనీ అడుగు. చివరన తేదీ వెయ్యి, ఎప్పుడు అడిగావో. అచ్ఛా, ఊహించి మాత్రం ఏమీ రాయకు" అంది. మా అమ్మ ఫోను తీసుకుని వరసగా చెయ్యడం మొదలుపెట్టాను. అమ్మ నంబరు నుంచి ఫోను వెళ్ళేసరికి అందరూ ముందు "అత్తా, బాగున్నావా" అనేవారు. నా గొంతు వినగానే తడబడేవారు. నేను కంటి మాట ఎత్తనిచ్చేవాణ్ణి కాదు. "మెయిల్ అడ్రసు చెప్పండి" అనేవాణ్ణి పోలీసులా.

ఫోనులో తేలనివాటికి స్కూటరు తీశాను. అలా ఒక మధ్యాహ్నం తోర్వాలో ఎర్రయ్య గారింటికి వెళ్ళాను. వ్యాగన్ల మరమ్మతులో పనిచేసి రిటైరైన పెద్దాయన. మండలి తనను మరిచిపోయిందని ఊరంతా చెప్పుకుంటున్నాడని విన్నాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. కోడలు తనూజ ఎదురుగా బట్టలు మడత పెడుతోంది. ఇంట్లో మెయిల్ చూసేది ఆవిడే.

"మండలి మెయిళ్ళు మీకు వస్తున్నాయా అమ్మా?" అని అడిగాను.

"వస్తాయండీ, ఆతే హై" అంది తనూజ. "తెలుగులో ఉంటాయి. నాకు పఢ్నా నహీ ఆతా, చదవడం రాదు. అందుకే తీసేస్తా."

ఎర్రయ్య గారు మంచం మీంచి లేచి నిలబడ్డాడు. "ఏటీ? తెలుగులో వొస్తాయా? మన ఇంటికా?"

"హా మామయ్యా."

"మరి నాకు సూపించవేటే? నాను సదువుతాను కదా!"

"మీరెప్పుడూ అడగలేదు కదా మామయ్యా. ఏదో ప్రకటన అనుకున్నా."

పెద్దాయన కొంతసేపు కోడలి వంక, కొంతసేపు ఫోను వంక చూశాడు. తర్వాత పడీ పడీ నవ్వాడు. తలుపు చాటునుంచి వాళ్ళావిడ, ఇన్నాళ్ళూ అందర్నీ తిట్టావు కదా, ఇప్పుడెల్లి ఆల్ల కాల్లు పట్టుకో అంది. తనూజ నాకు చిల్లాలు వేసి పెట్టింది, బియ్యప్పిండి అట్లు, టమాటా చట్నీతో. ఎర్రయ్య గారు దగ్గర కూర్చుని కొసరి కొసరి తినిపించాడు. కన్ను గురించి ఒక్క మాట అడగలేదు. అడగకపోవడం ఎంత మర్యాదో అప్పుడు తెలిసింది.

మా ఊళ్ళో ఇళ్ళన్నీ ఇంతే. మెయిల్ తెరవగలిగినవాళ్ళకి తెలుగు రాదు, తెలుగు వచ్చినవాళ్ళకి మెయిల్ తెరవడం రాదు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. ఆ రాత్రి పట్టికలో రెండు గళ్ళు కొత్తగా చేర్చాను. ఒకటి ఆ ఇంట్లో తెరిచేదెవరు, రెండోది చదివేదెవరు. రాఘవయ్య గారు చూసి, ముప్ఫయ్యేళ్ళు బ్యాంకులో ఉన్నా నాకీ ఊహ తట్టలేదండీ అన్నారు. నాకూ తనూజ ఇంటికి వెళ్ళేదాకా తట్టలేదు.

శ్రావణం వచ్చేసరికి పట్టిక ఓ దారికి వచ్చింది. ఒక ఆదివారం ప్రత్యూష దాన్ని పైకీ కిందికీ తిప్పి చూసి అడిగింది.

"నాన్నా, ఇందులో టీచర్లున్నారు, క్లర్కులున్నారు, కోల్‌ కంపెనీ వాళ్ళున్నారు. డ్రైవర్లు ఒక్కళ్ళూ లేరేంటి?"

చూస్తే నిజమే. ఒక్క డ్రైవరు లేడు, ఒక్క గార్డు లేడు. నా పేరూ లేదు. రాజశ్రీ పేరుంది, టీచరుగా. కొన్నేళ్ళుగా ఆవిడ మండలికి రమ్మంటే, నన్ను పిలవని పేరంటానికి నేనెందుకు అని మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆవిడ ఒక్కతే వెళ్ళివచ్చేది. రాఘవయ్య గారికి ఫోన్ చేశాను.

"ఇదివరకు పట్టిక చూసింది తిరుమలరావు గారండీ" అన్నారాయన. "బొగ్గు కంపెనీలో ఆడిటరు. చాలా నియమంగా చేశారు. ప్రతి సభ్యుడికీ మూడు వేర్వేరు రోజుల్లో ఫోన్ చేసేవారు. మూడుసార్లూ స్విచాఫ్ వస్తే, సభ్యుడికి ఆసక్తి లేదు అని రాసి పేరు తీసేసేవారు."

నాకు నవ్వు ఆగలేదు. లాప్‌టాప్ ఒళ్ళో ఊగిపోయేలా నవ్వాను. బండి నడిపేటప్పుడు డ్రైవరు ఫోను ఆపెయ్యాలి, అది రూలు. బండి దిగాక నిద్రపోతాడు, అప్పుడూ ఆపేస్తాడు. ఎప్పుడు చేసినా స్విచాఫ్ వస్తోందంటే వాడు అసలుసిసలు డ్రైవరన్నమాట. ఆ నియమంగల మనిషి డ్యూటీ బాగా చేసేవాళ్ళందర్నీ ఏరి ఏరి బయటపడేశాడు. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "నవ్వినాడే" అని రాజశ్రీతో అంది, నాకు వినబడకూడదన్నట్టు, వినబడేలాగే.

"అయితే వీళ్ళని ఎలా పట్టుకుంటాం?" అంది ప్రత్యూష. "ఫోన్ ఎత్తరు. ఇంట్లో ఉండరు. లాబీ దగ్గర నిలబడితే అందరూ దొరుకుతారు కదా?"

లాబీ అంటే స్టేషను పక్కన డ్రైవర్లు, గార్డులు డ్యూటీ ఎక్కేముందూ దిగాకా సంతకం పెట్టే చోటు. కళ్ళ పరీక్ష తర్వాత నేను ఆ వైపు వెళ్ళలేదు. కూరగాయలకి వెళ్ళినా చుట్టుతిరిగి వేరే దారిన వచ్చేవాణ్ణి. లాప్‌టాప్ మూత వేసేశాను. పరీక్ష పేపర్లు దిద్దుతున్న రాజశ్రీ తలెత్తకుండా, "నేను వెళ్ళి అడిగి రానా?" అంది.

"నీకెవరు తెలుసక్కడ?" అన్నాను.

"అదే, నాకెవరూ తెలీదు" అంది. మళ్ళీ దిద్దుకోసాగింది.

కొన్నాళ్ళు వాన సాకు చెప్పాను. వాన వెలిసింది. స్కూటరు సాకు చెప్పాను, అమ్మ ఎవరినో పిలిచి ప్లగ్గు మార్పించేసింది. ఇంక సాకులు లేక ఒక మధ్యాహ్నం వెళ్ళాను. గుమ్మం దగ్గర చెప్పుల బురద రెండుసార్లు తుడుచుకున్నాను. లోపల అంతా మునుపటిలాగే ఉంది. తడిసిన బూట్ల వాసన, ఇనప పెట్టెలు, గోడ మీద వానాకాలం జాగ్రత్తల కాగితాలు, ఊపిరి ఊది తాగలేదని నిరూపించుకునే మిషను. కౌంటరు ముందు ఒకడు వీపు నాకు పెట్టి సంతకం చేస్తున్నాడు. వీపు చూసే గుర్తుపట్టాను, శివాజీ. నా దగ్గర అసిస్టెంటుగా చేసి, ఇప్పుడు సొంతంగా బండి నడుపుతున్నాడు. శ్రీకాకుళంవైపు వాళ్ళు, మూడు తరాలుగా ఇక్కడే.

వెనక్కి తిరిగి నన్ను చూడగానే సంచీ కింద పడేశాడు.

"ఉస్తాద్! ఎక్కడికెల్పోయినారు? ఎన్నిసార్లు చేసినాను మీకు ఫోను!"

బెంచీ మీద బూట్లు విప్పుకుంటున్న దిలీప్ అనే కుర్ర డ్రైవరు కూడా లేచాడు. "మేమంతా చేస్తూనే ఉన్నాం సార్. దిగినవాడు దిగినట్టు ఒకసారి చేస్తాం. స్విచాఫ్ వస్తుంది."

"మరి విసుగేసి మానెయ్యలేదా?" అన్నాను.

"మానడమేటి ఉస్తాద్?" అన్నాడు శివాజీ. నిజంగానే అర్థంకానట్టు చూశాడు. "కన్ను సంగతి ఇన్నాం గానీ, స్విచాఫ్ వొస్తే డ్యూటీలో ఉన్నారనే కదా మన అలవాటు. దిగినాక ఎత్తుతారని మల్లీ చేస్తాం."

నేను గోడ మీది కాగితాలు చదువుతున్నట్టు అటు తిరిగాను. కుడికంటికి అక్షరాలు ఎలాగూ అలుక్కుపోతాయి, ఆ పూట ఎడమకంటికీ అలుక్కుపోయాయి. నేను బీరువాలో చీరల కింద దాక్కున్నాననుకున్నాను. వీళ్ళ లెక్కలో నేనింకా బండి మీదే ఉన్నాను. ఆ క్షణంలో వాళ్ళ మీద పుట్టిన ప్రేమ నాకు కన్నవాళ్ళ మీద కూడా అంతగా ఎప్పుడూ పుట్టలేదు.

"సరే, మెయిల్ అడ్రసు చెప్పు" అన్నాను.

శివాజీ చెప్పాడు, దిలీప్ చెప్పాడు. దిగిన గార్డులు చెప్పారు. ఎక్కబోయేవాళ్ళు సంతకానికి ముందు నా దగ్గర ఆగి చెప్పారు. ఇంట్లో తెరిచేదెవరు, చదివేదెవరు అని కూడా అడిగాను. ఈలోగా కౌంటరు వెనక మనిషి తల పట్టుకుని కూర్చున్నాడు. ఒక బొగ్గు బండి కదలాలి, పిలిచిన డ్రైవరు ఫోను కలవడం లేదు. "వాడు సెలవు దొరికితే మస్తూరీలో అత్తవారింట్లో ఉంటాడు, మామగారి నంబరుకి చెయ్యి" అన్నాను. చేస్తే దొరికాడు. కాసేపటికి మరొకడి సంగతి అడిగాడు, చెప్పాను. లాబీ పెద్దాయన తన గదిలోంచి వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

"డ్రైవర్లని పిలిచే కుర్చీకి మనిషి కావాలని ఎప్పట్నుంచో అడుగుతున్నాను" అన్నాడు హిందీలో. "ఎవరు ఎక్కడ నిద్రపోతున్నాడో తెలిసినవాడు కావాలి. కుర్చీయా విరమణా అని నువ్వు సంతకం పెట్టాల్సిన కాగితం ఇంకా ఆఫీసులోనే ఉంది కదా?"

"ఉంది" అన్నాను. మర్నాడు కూడా వెళ్ళాను, ఇంకా కొందరు మిగిలారు కదా అని. ఆ మర్నాడూ వెళ్ళాను. ఆ సాయంత్రం బీరువా తీసి ఫోనుకి చార్జింగ్ పెట్టాను. రాజశ్రీ చూసింది. చీరలు చెదిరాయని మాత్రం అంది.

రాఘవయ్య గారికి నేను ఎదురుగా ఎప్పుడూ కృతజ్ఞత చెప్పలేదు. నోరు రాదు. ఆయన ఆ వానలో జాలి పడకపోయినా, ఆ జాలి నిజమని ఒప్పుకోకపోయినా నేనా లాబీ గుమ్మం మళ్ళీ ఎక్కేవాణ్ణి కాదు. నియమంగా పేర్లు తీసేసిన తిరుమలరావు గారికీ ఒక దండం పెట్టాలి. ఆయన తీసెయ్యకపోతే నేను వెతుక్కుంటూ వెళ్ళే అవసరమే లేదు.

వినాయక చవితి ముందు ఆదివారం ఉదయం కొత్త పట్టికతో మొదటి మెయిల్ పంపాం. పైన హిందీలో ఒకే వాక్యం పెట్టించాను, ఇది మీ ఇంట్లో తెలుగు చదివే పెద్దవాళ్ళకి చూపించండి అని. కింద తెలుగులో చవితి భోజనాల పిలుపు. దాని కింద, "మీ చిరునామా సరైనదేనా? త్వరలో మారేది ఉంటే దయచేసి ముందుగా తెలపండి" అని రాశాను. చిరునామాలన్నీ అందరికీ కనబడేచోట పెట్టబోతే ప్రత్యూష చెయ్యి పట్టుకుంది. "అరే నాన్నా, అక్కడ కాదు! చాటున ఉండే గడిలో పెట్టు. ఒకళ్ళవి ఒకళ్ళకి కనబడకూడదు. జవాబు నీ ఒక్కడికే రావాలి." పెట్టి, నొక్కాను.

పావుగంటలో జవాబులు మొదలయ్యాయి. తనూజ ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ రాసింది, మామయ్య రెండుసార్లు చదివారు, మూడోసారి పక్కింటాయనకి వినిపిస్తున్నారు అని. శివాజీ, దిగగానే వస్తానన్నాడు. దిలీప్ సరైనదే అని ఒక్క మాట రాశాడు. ఒక్కో జవాబూ చూసి, ఆ వరసలో తేదీ వేసుకుంటూ పోతున్నాను. అంతలో రాజశ్రీ పేరుతో ఒకటి వచ్చింది. ఆవిడ వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని దొండకాయలు తరుగుతోంది.

"అయ్యా, నా చిరునామా ప్రస్తుతానికి సరైనదే. త్వరలో మారుతుందో లేదో నాకు తెలీదు. మా ఇంట్లో తెలిసినవారు నాకింకా చెప్పలేదు. చెప్పిన వెంటనే మీకు తెలియజేస్తాను. ఇట్లు, సభ్యురాలు రాజశ్రీ."

ఆ వానాకాలమంతా ఆవిడ మింగిన ప్రశ్న ఇంత మర్యాదగా వచ్చి నా ముందు కూర్చుంది. నాకు సిగ్గూ వేసింది, నవ్వూ వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువగా, నా వెంట విజయనగరం వస్తే వచ్చేది గానీ నన్ను ఒక్క మాట అనని ఆ మనిషి మీద ప్రేమతో గుండె నిండిపోయింది. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను.

"మీ జవాబు అందింది" అన్నాను.

"మండలివాళ్ళు అడిగారు, చెప్పాను" అంది తల ఎత్తకుండా. "ఏదైనా ఉంటే రాసి పంపమనండి. నోటిమాటలు మండలిలో చెల్లవు."

వెనక్కి వచ్చి కూర్చున్నాను. సోమవారం ఆఫీసుకి వెళ్ళి లాబీ కుర్చీకి సంతకం పెట్టి వస్తానని రాశాను. కనుక సభ్యురాలి చిరునామా మారదని రాశాను. ఇన్నాళ్ళు ఓపిక పట్టినందుకు మండలి తరఫునా, నా తరఫునా కృతజ్ఞతలు అని కూడా రాసి పంపేశాను.

వంటింట్లో ఫోను టింగుమంది. కత్తిపీట చప్పుడు ఆగింది. తర్వాత రాజశ్రీ పెద్దగా, పెళ్ళయిన కొత్తలోలాగా నవ్వడం వినబడింది.

"ఏటే, ఏటైంది?" అని అమ్మ అడుగుతోంది.

"మండలి నుంచి మెయిల్ వచ్చింది అత్తయ్యా" అంది రాజశ్రీ. "మనం ఎక్కడికీ వెళ్ళట్లేదట."